కుట్టేసిన కవర్లు

“వదినా, ఆ మనిషిని అడగండి. కత్తి తనే తెస్తాడా, నన్ను తెమ్మంటాడా?”

ఆ మనిషి బల్లకు అవతల, ఆమెకు మూరెడు దూరంలోనే కూర్చుని ఉన్నాడు. పెళ్లయిన పంతొమ్మిదేళ్లలో ఆ ఇద్దరికీ మధ్యవర్తి అవసరం పడటం అదే మొదటిసారి. ఆ మధ్యవర్తి, పుస్తకాల బైండరైన ఆ మనిషికి అక్కగారు. ఇంట్లో కరెంటు పోయి నాలుగో రోజని తెలిసి, కుట్టుసంచీ చంకన పెట్టుకుని పొద్దున్నే మొదటి బస్సుకు దిగింది.

“విన్నావుగా ఒరేయ్,” అంది అక్కగారు. “మీ ఆవిడ కత్తి అడుగుతోంది. నాకైతే భయంగానే ఉంది.”

బైండరు నవ్వలేదు. అతని చూపు బల్లమీది పుస్తకాన్ని విడవలేదు.

శుక్రవారం నాడు కరెంటు బిల్లు కోసం వెతుకుతూ, జిగురు డబ్బాల వెనక గోనెగుడ్డలో చుట్టి ఉన్న ఆ పుస్తకాన్ని అతని భార్య బయటికి లాగింది. ముదురాకుపచ్చ తోలు అట్ట. వెన్ను మీద సమానమైన ఎడంతో అయిదు గట్లు. తలభాగాన తెలుపు, ఎరుపు పట్టుదారాల సన్నని అల్లిక. పేరు మాత్రం ఎక్కడా లేదు. ఏ పెద్ద గ్రంథాలయానికో చేసిన పని కాబోలనుకుని తెరిచింది.

లోపల అక్షరాలు లేవు. కవర్లున్నాయి. ఆమె మందుల షాపులో పనిలో ఉన్న వేళల్లో, పద్నాలుగు నెలలుగా ఈ ఇంటి ముందుగదికి వచ్చిన ప్రతి బిల్లునూ, ప్రతి నోటీసునూ, ప్రతి హెచ్చరికనూ ఒక్కటి కూడా చింపకుండా దాచి, తేదీల వరసలో పేర్చి, కవరు నోరు వెన్ను లోపలికి వచ్చేటట్టు తిప్పి కుట్టేశాడతను. దారం తెంపితే తప్ప ఏ కవరూ నోరు విప్పదు.

కోపంతో పుస్తకాన్ని బిగించి పట్టుకున్న ఆ చేతులకే మరో సంగతి కూడా తెలిసింది. ఆయన జీవితంలో ఇంతకంటె అందమైన పుస్తకం చెయ్యలేదు. ఆ సంగతి ఆమె ఎవరికీ చెప్పలేదు. అప్పట్నుంచీ అతనితో మాట్లాడనూ లేదు.

అక్కగారు పుస్తకాన్ని రెండు చేతులా ఎత్తింది. బొటనవేలితో వెన్ను మీది గట్లు ఒక్కొక్కటే తడిమింది.

“ఎన్నాళ్లు పట్టిందిరా?”

“ఇరవై రోజులు.”

“ఆ ఇరవై రోజులూ ఇంకోళ్ల పుస్తకాలు కుట్టుంటే కరెంటు ఉండేది కదరా.”

“ఇంకోళ్ల పుస్తకాలు రాలేదక్కా. వచ్చుంటే ఇది కుట్టేవాణ్ణే కాదు.”

“ఎందుకు కుట్టాడో అడగండి వదినా.”

అతను అక్కగారి వైపు చూస్తూనే భార్యకు జవాబు చెప్పాడు. “విడివిడిగా ఉంటే రోజూ కంట్లో పడేవి. ఏ సొరుగు లాగినా అవే. పుస్తకం చేసేస్తే అయిపోయినట్టుంటుంది కదా అని... పుస్తకమంటే పని పూర్తయినట్టే లెక్క.”

“పిల్లి కళ్లు మూసుకుని పాలు తాగుతుందంటారు,” అంది అక్కగారు. “నువ్వు కళ్లు మూసుకోడానికి కూడా తోలు అట్ట వేసుకున్నావు.”

ముందుగదిలో కాగితాలు కోసే మిషను తన పెద్ద ఇనపచక్రంతో మౌనంగా నిలబడి ఉంది. దాని కోసం సహకార సంఘంలో తీసుకున్న అప్పుకు ఆ మిషనే తాకట్టు. అది ఉన్నన్నాళ్లూ అతను బైండరు. అది పోయిన మర్నాటి నుంచి చేతిలో సూది పట్టుకున్న ఒక మనిషి.

“మిషను ఎప్పుడు పట్టుకుపోతారు?”

“తెలీదక్కా.”

“తెలీదా?”

“అందులో ఉంటుంది,” అని పుస్తకం వైపు గడ్డంతో చూపించి, గొంతు తగ్గించాడు. “సందు చివర రోజువడ్డీ ఆయన ఇస్తానన్నాడు. ముందది తెచ్చి సంఘం వాళ్ల మొహాన కొడితే...”

“ఒక గొయ్యి పూడ్చడానికి ఇంకో గొయ్యి తవ్వుతావా?” అక్కగారి గొంతు లేచింది. “నా బట్టల కొట్టు మూసినప్పుడు నేనూ అదే చేశాను. అయిదు గోతులు తవ్వాను. పైకి రావడానికి ఆరేళ్లు పట్టింది. ఆరు కుట్టుమిషన్లలో అయిదు అమ్మాను. ఒకటి అమ్మలేదు. ఎందుకు? కంచం అమ్ముకుని కూర కొనుక్కుంటే దేంట్లో తింటాం? కొత్త అప్పు మాట ఈ ఇంట్లో ఇంకోసారి వినపడిందా, మొదటి బస్సుకొచ్చినదాన్ని మొదటి బస్సుకే పోతాను. ముందు ఎంత ఉందో చూద్దాం. కొయ్యి.”

“కత్తి పెట్టి వెన్ను కోస్తే కవర్లు తెగుతాయి,” అన్నాడు బైండరు. అతని గొంతులో చాలాకాలం తర్వాత పనివాడి విసుగు ధ్వనించింది. “విప్పాలి.”

అక్కగారు సంచీలోంచి కుట్లు విప్పే చిన్న పుల్ల తీసి బల్లమీద పెట్టింది. దాని చివర వంకీలా వంగిన ఇనపమొన మెరిసింది.

అతను దాన్ని అందుకున్నాడు.

ఆ ఇద్దరు ఆడవాళ్లూ గంటసేపు అతని చేతుల్నే చూశారు. కట్టినంత శ్రద్ధగానే విప్పుతున్నాడతను. తోలును తడిగుడ్డతో నానబెట్టి ఒలిచాడు. జిగురును గోరుతో రాల్చాడు. ఒక్కొక్క కుట్టు కిందికి పుల్ల మొన జొనిపి, దారాన్ని తెగేంతవరకూ కాదు, వదిలేంతవరకూ మాత్రమే ఎత్తాడు. చివరి కుట్టు వదిలినప్పుడు వెన్ను ఒక్కసారి నిట్టూర్చినట్టు విచ్చుకుని, అరవై ఒక్క కవర్లూ బల్లంతా పరుచుకున్నాయి. ఒక్క కవరుకైనా గాటు పడలేదు.

“ఇంతేనా?” అంది అక్కగారు.

“ఇంతే.”

అప్పుడు అతని భార్య కుర్చీ ముందుకు లాక్కుంది.

పదకొండేళ్లుగా మందుల షాపులో ఆమె పని ఒక్కటే సూత్రం మీద నడుస్తోంది: గడువు ముందు తీరేది ముందు వరసలో ఉండాలి, అది ఎంత ఖరీదుదైనా సరే, ఎంత చవకదైనా సరే. కవర్లు చింపడం, తేదీ చూడటం, పక్కన పెట్టడం. ఆ చేతులు సీసాలు సర్దినట్టే కాగితాలు సర్దాయి. బల్లమీది గుట్ట కరిగి కుప్పలయింది. కుప్పలు లెక్కకొచ్చాయి.

కరెంటు ఆఫీసు, పద్నాలుగు. నీళ్ల ఆఫీసు, ఏడు. క్రెడిట్ కార్డు ఇచ్చిన బ్యాంకు, ఇరవై. కాగితాల కొట్టు, ఏడు. సహకార సంఘం, పదమూడు; అవి మాత్రం ఇంకా చింపలేదు.

“అయిదుగురా?” అన్నాడు బైండరు.

అతను లేచి నిలబడి ఆ కుప్పల్ని మళ్లీ లెక్కపెట్టాడు, వేలితో. గుమ్మం ముందు సైకిలు గంట మోగిన ప్రతిసారీ జిగురు చేతులతో గోడకు అంటుకుపోయిన మనిషి అతను. అరవై ఒక్క భయాలు అతని లోపల అరవై ఒక్క మొహాలతో తిరిగాయి. అన్నీ కలిపితే అయిదుగురు మనుషులు. ఒక బెంచీ మీద కూర్చోబెట్టచ్చు.

“అయిదుగురే,” అంది అక్కగారు మెల్లిగా. “నాకు తొమ్మిదిమంది. ఆ రోజు నేనూ ఇలాగే రెండుసార్లు లెక్కపెట్టుకున్నాను. కూర్చో.”

పుస్తకాల లోపలి అట్టకు అంటించే రంగుల కాగితం ఒకటి తెచ్చి, దాని తెల్లటి వెనకవైపున అతను గీతలు గీశాడు. భార్య అంకెలు చెప్పింది, అక్కగారికి. అక్కగారు తమ్ముడికి చెప్పింది. అతను రాశాడు. సంఘానిది ఒక్కటీ వదిలి నాలుగు వరసలు నిండేసరికి అక్కగారికి ఓపిక అయిపోయింది.

“పిల్లా, నీదేమన్నా ఉంటే అదీ చెప్పు.”

“నాదేముంటుంది?”

“నేను కొట్టు నడిపినదాన్నే. అద్దె ఆగలేదు, బియ్యం ఆగలేదు. వీడి చేతిలో పైసా ఆడలేదు. నీ ఒక్క జీతంతో ఇవన్నీ నడిచాయని నన్ను నమ్మమంటావా?”

ఆమె కుప్పల అంచులు సవరించింది.

“చెప్పమ్మాయ్.”

“నాలుగు నెలల జీతం ముందే వాడేశాను.” ఆమె ఆ మాట కాగితానికి చెప్పింది. “మా ఓనరు గారు నెలనెలా కొంచెం పట్టుకుంటున్నారు.”

కలం ఆగిపోయింది. “నాకు చెప్పలేదే?” అన్నాడు బైండరు.

“మీకు చెప్పాలా!” అంటూ ఆమె ఒక్కసారి అతని వైపు తిరిగింది. “అద్దె ఎక్కణ్ణుంచి వచ్చిందనుకున్నారు? జిగురు డబ్బాలోంచా? నెలనెలా ‘బిల్లులు చూశారా’ అని అడిగితే ‘చూస్తున్నా’ అన్నారు. చూడటమంటే కుట్టడమనుకోలేదు నేను! నా బుద్ధికి అంత దూరం తట్టలేదు!”

“నువ్వూ దాచావు కదా.”

“దాచాను. కానీ అట్ట వెయ్యలేదు!”

అక్కగారు పెద్దగా ఊపిరి వదిలింది.

“హమ్మయ్య. నా మధ్యవర్తి ఉద్యోగం ఊడింది. రాయరా, ఆరోది. మందుల షాపు.”

అతను రాశాడు. ఆ అంకె పక్కన కలం మొన చాలాసేపు నిలబడింది. కాగితం మీద సిరా చిన్న చుక్కగా పాకింది.

ముందు వరసలోది కరెంటు. అక్కగారు పట్టుబట్టింది: వాళ్లు పిలవకముందే మనం పిలవాలి, అడగకముందే మనం చెప్పాలి, ఎంత కట్టగలమో అంతే ఒప్పుకోవాలి, ఒప్పుకున్నది కాగితం మీద ఉండాలి. ఫోను భార్యే చేసింది, ముగ్గురికీ వినపడేటట్టు. అవతల ఎత్తినది ఒక ఆడమనిషి. నంబరు విన్నది, ఏదో నొక్కింది, ఆవులించింది.

“మూడు భాగాలు చేసుకుంటారామ్మా? మొదటిది ఇవాళ కట్టి రసీదు చూపిస్తే సాయంత్రానికి కలుపుతారు. మిగతా రెండిటికీ చీటీ రాసిస్తాం.”

“అంతేనా అండి?”

“అంతేనమ్మా. పోయిన ఏడాది నుంచీ చెప్తూనే ఉన్నాం కదా, ప్రతి బిల్లు వెనకాలా.”

భార్య బిల్లు తిప్పి చూసింది. వెనకాల చిన్న అక్షరాల్లో ఉంది. పద్నాలుగింటి వెనకాలా ఉంది.

“ఆవులించిందా?” అన్నాడు బైండరు, ఫోను పెట్టేశాక.

“ఆవులించింది.”

ఆ సంగతి అతన్ని అంకె కంటె ఎక్కువగా నివ్వెరపరిచింది. తన గుండెల మీద పద్నాలుగు నెలలు కూర్చున్నది అవతలి చివర, మధ్యాహ్నం భోజనం ఎప్పుడా అని ఎదురుచూస్తున్న ఒక మామూలు మనిషి.

మిగిలింది సంఘం కుప్ప. దాన్ని ముగ్గురూ చివరికి ఉంచారు.

మొదటి మూడు కవర్లలో అనుకున్నవే ఉన్నాయి: కిస్తు అందలేదు, వెంటనే చెల్లించవలసినది, లేనిపక్షంలో యంత్రం స్వాధీనం. నాలుగోది చింపి భార్య చదవబోయి ఆగింది. మళ్లీ మొదటి నుంచి చదువుకుంది.

“ఏంటమ్మాయ్?”

“ఇది నోటీసు కాదు వదినా. రసీదు.”

“దేనికి?”

“కిస్తుకి. ‘మీ ఖాతాకు కిస్తు అందినది’ అని ఉంది.” అయిదోది చింపింది. ఆరోది. ఆమె వేళ్లు తొందరపడ్డాయి. “ఇదీ అంతే. ఇదీ... పది నెలలు వరసగా కట్టారు. ఒక్క నెలా తప్పలేదు.”

బైండరు భార్య మొహంలోకి చూశాడు. ఆమె తల అడ్డంగా ఊపింది. ఇద్దరూ అక్కగారి వైపు తిరిగారు.

“నా వైపు చూడకండి,” అంది ఆవిడ. “మీ మీద నాకు ప్రేమ లేక కాదు. అంత లేదు, అంతే.”

భార్య ఒక రసీదును కిటికీ వెలుతురుకు ఎత్తింది. అడుగున, సీలు పక్కన, గుమాస్తా చేతిరాత చిన్న గళ్లలో ఉంది. “‘చెల్లించినవారు: జామీనుదారు.’ జామీను ఎవరు పెట్టారు?”

అతను బల్ల అంచు పట్టుకున్నాడు.

ఆరేళ్ల కిందట మిషను కొన్నప్పుడు సంఘం వాళ్లు హామీ సంతకం అడిగారు. తెలిసినవాళ్లందరికీ ఆ రోజే పనులు పడ్డాయి. చివరికి, ఈ ముందుగదిలోనే నేలమీద కూర్చుని అచ్చుకాగితాలు మడత పెట్టే పనావిడ, వీధి వీధంతా మడతలమ్మ అని పిలిచే ఆవిడ, చేతులు కొంగుకు తుడుచుకుని లేచి వచ్చింది. ‘ఎక్కడ పెట్టమంటారో చూపించండి మేస్త్రీ,’ అంది. చూపించాడు. పెట్టింది. చదవలేదు, అతనూ చదివి చెప్పలేదు.

ఇరవై ఏళ్లు పనిచేసిందామె అతని దగ్గర. చేరిన రోజున, కొత్తగా వచ్చిన ఎవరికైనా పెట్టే పరీక్షే ఆమెకూ పెట్టాడు: ఎనిమిది కాగితాలిచ్చి, ‘చేసి చూపించు, మాటలు తర్వాత’ అన్నాడు. ఎనిమిదింటిలో ఒకటి వెంట్రుకవాసి తేడా వచ్చిందని ఆమె కళ్లముందే చింపేశాడు. ఆ తర్వాత చింపాల్సిన అవసరం మళ్లీ రాలేదు.

పద్నాలుగు నెలల కిందట, పనులు ఆగిపోయిన వారంలో, గుమ్మంలో నిలబెట్టే చెప్పాడు: రేపట్నుంచి రావద్దని. రెండు నెలల కూలి బాకీ. మళ్లీ పిలుస్తానన్నాడు.

“మడతలమ్మ. మళ్లీ పిలవడం మర్చిపోయాను,” అన్నాడు. అది మరుపు కాదని ఆ గదిలో అందరికీ తెలుసు. ఆమె సంగతి, అతను మనసులో కుట్టేసిన కవర్లలో మొట్టమొదటిది.

భార్య రసీదుల్ని తేదీల వారీగా పేర్చుతోంది. పేర్చడం పూర్తయ్యాక, షాపులో అర ఖాళీగా కనిపించినప్పుడు ఆగినట్టే ఆగింది.

“సంఘం కవరు ప్రతి నెలా పదో తారీకు లోపల వచ్చింది. ఇవాళ పదమూడు. ఈ నెలది ఏది?”

అతను గోడ వైపు చూశాడు.

“ఏదీ?”

పని చేసేటప్పుడు కట్టుకునే గుడ్డ మేకుకు వేలాడుతోంది. అతను లేచి, దాని జేబులోంచి, జిగురు మరకలతో అట్టకట్టిన కవరు ఒకటి తీశాడు. అరవై రెండోది.

“ఇంతే అన్నావు కదరా,” అంది అక్కగారు.

“ఇలా ఇవ్వండి,” అంది భార్య.

“వద్దు.” అతను కవరును వెనక్కి లాక్కున్నాడు. “ఇది మడతలమ్మ ముందే తెరుస్తాను.”

*

మడతలమ్మ ఇల్లు మూడు వీధుల అవతల, ఇనపమెట్ల పైన. ఇరవై ఏళ్లలో అతను అక్కడికి వెళ్లడం అదే మొదటిసారి. ఇల్లు భార్యకు తెలుసు. అక్కగారు కరెంటు ఆఫీసుకు బయల్దేరింది. మెట్ల మీద ఇద్దరి అడుగులే మోగాయి.

తలుపు తీసే ఉంది. గదిలో మంచం గోడకు ఆనించి నిలబెట్టి ఉంది. మనిషి పడుకోవలసిన చోట కాగితాలు పడుకున్నాయి. నడుం ఎత్తున దొంతరలు. మధ్యలో నేలమీద మడతలమ్మ కూర్చుని, ఎముక బద్దతో మడతలు నొక్కుతోంది. ఒక్క రుద్దు, తిప్పు, ఇంకో రుద్దు. వాళ్లను చూసి కూడా ఆ చెయ్యి ఆగలేదు.

“రండమ్మా,” అంది భార్యతో. తర్వాత, “రండి మేస్త్రీ. కూర్చోడానికి కాగితాల మీదే కూర్చోవాలి. తెల్లవాటి మీద వద్దు.”

“పది నెలలు,” అన్నాడు అతను, కూర్చోకుండానే. “ఎందుకు కట్టారు?”

ఎముక బద్ద ఒక్క క్షణం ఆగింది. “‘కట్టారు’ ఏంటి మేస్త్రీ కొత్తగా? ఇరవై ఏళ్లు ‘నువ్వే’గా.”

ఆమె ఇంకో కాగితం లాక్కుని మడిచింది.

“మీ మీద ప్రేమతో కాదు లెండి. నా సంతకం మీద ప్రేమతో. సంఘం ఆయన వచ్చి, ‘మీ జీతంలో పట్టుకుంటాం’ అన్నాడు. ‘పట్టుకోండి బాబూ, జీతమేదీ’ అన్నాను. మాన్పించింది మీరే కదా. నెలకింతని ఒప్పందం రాసుకుని, మూడు ప్రెస్సుల మడతలు ఇంటికి తెచ్చుకున్నాను. మంచం లేపేశాను.”

“నాకొక్క మాట చెప్పచ్చు కదా!”

“రెండుసార్లొచ్చాను. తలుపు కొట్టాను. మీరు లోపలే ఉన్నారు. జిగురు కాగుతున్న వాసన మెట్ల దాకా వస్తోంది. రెండోసారి నెల కిందటే. ఏం కుడుతున్నారో గానీ, మంచి పనే అనుకున్నాను. సంతోషమే వేసింది.”

అతను తల దించుకున్నాడు. జవాబు భార్య చెప్పింది.

“నువ్వు కట్టిన రసీదులే కుడుతున్నారు.”

మడతలమ్మ ఆమె వంకా, అతని వంకా చూసింది. బద్ద చివరతో అతని చేతిలోని కవరును చూపించింది.

“అది కూడా కుడతారా? చదువుతారా?”

అతను కవరు అంచు చింపాడు. పద్నాలుగు నెలల్లో తన చేత్తో చింపిన మొదటి కవరు. కాగితం విప్పి, అచ్చులో తప్పులు వెతికే మనిషిలా ఒక్కొక్క మాటా పైకి చదివాడు.

“‘జామీనుదారు మిగిలిన బాకీని తమ పేరిట స్వీకరించినందున, తాకట్టులో ఉన్న కోత యంత్రాన్ని ఈ నెల పదిహేనో తేదీన వారికి అప్పగించుటకు సంఘం తీర్మానించినది. తమకు అభ్యంతరమున్నచో ఈ లేఖ తేదీ నుండి ఏడు రోజులలోగా...’”

అక్కడ ఆగాడు. లేఖ తేదీ అయిదు. ఏడు రోజులు నిన్నటితో పూర్తయ్యాయి. వచ్చినప్పట్నుంచీ ఆ కవరు అతని జేబులోనే ఉంది.

“వేలం వేస్తామన్నారు మేస్త్రీ,” అంది మడతలమ్మ. “వేలంలో దానికి సగం కూడా రాదు. మిగతా సగం నా నెత్తిమీదే. ఆలోచించాను. పోయేదేదో నాకే రాయండి, కిస్తులు నేనే కడతాను అన్నాను. కింద గది మాట్లాడుకున్నాను. ఎల్లుండి దింపుతారు.”

“నా మిషను,” అన్నాడతను. కోపంగా అనాలనుకున్నాడు. అది కోపంగా రాలేదు.

“మీదే. మీరు చూసుకున్నట్టు ఇంకెవరూ చూసుకోలేదు. చక్రానికి ఏ వారం నూనె పెట్టాలో నాకూ తెలుసు, మీ దగ్గరే నేర్చుకున్నాను.”

భార్య చూపు గది మూలకు వెళ్లింది. అక్కడ, కాగితాల దొంతరలకు ఎడంగా, గుడ్డ కప్పిన పాత పుస్తకాల గుట్ట ఉంది. వెన్నులు ఊడి, అట్టలు వేలాడుతూ.

“అవేంటి?”

“గ్రంథాలయం వాళ్లవమ్మా. మచ్చుకు ఇరవై ఇచ్చారు. బాగుంటే ఇంకో నాలుగు వందలున్నాయన్నారు.” మడతలమ్మ మొదటిసారి బద్ద కింద పెట్టింది. “నాకు మడవడం వచ్చు. మిషనొస్తే కోస్తాను. వెన్ను కట్టడం రాదు. ఎప్పుడూ నేర్పలేదు మేస్త్రీ, అడిగితే ‘అది చూస్తే వచ్చేది కాదు’ అనేవాళ్లు. వెన్ను కట్టే మనిషి కావాలి నాకు.”

అతను ఆమెను చూస్తున్నాడు. ఇరవై ఏళ్లు తన కాళ్ల దగ్గర కూర్చున్న మనిషిని, ఇంత ఎత్తున, అతను ఎప్పుడూ చూడలేదు. ఆమె ఇంకా నేలమీదే కూర్చుని ఉంది.

“వారం వారం కూలి. సగం చేతికిస్తాను, సగం పట్టుకుంటాను, నేను కట్టిన పది కిస్తులూ తీరేదాకా. నా రెండు నెలల కూలి కూడా అందులోనే. కాగితం మీద రాసుకుందాం. ఈసారి ఇద్దరం చదివే సంతకం పెడదాం.”

కింద వీధిలో ఎవరో ఎవరినో పిలుస్తున్నారు. భార్య మనసులో రంగుల కాగితం వెనకవైపు వరసలు కదిలాయి: సగం కూలి, తన జీతంలో మిగిలేది, కరెంటు రెండో భాగం, బ్యాంకుకు రాయాల్సిన ఉత్తరం. మొదటిసారి ఆ వరసలు ఒకదాని పక్కన ఒకటి నిలబడ్డాయి. ఆమె నోరు మెదపలేదు. ఇది తను చెప్పవలసిన జవాబు కాదు.

“పరీక్ష పెట్టవా?” అన్నాడు బైండరు. ఆ మాట ఎగతాళిగా అన్నాడో, నిజంగానే అడిగాడో అతనికే తెలియదు.

“పెట్టకుండా ఎలా తీసుకుంటాను?”

ఆమె చెయ్యి చాచి, మడిచిన అచ్చుకాగితాల్లోంచి ఎనిమిది ఫారాలు లెక్కపెట్టి అతని ముందు నేలమీద పెట్టింది. కిటికీ అంచు మీంచి సూది తీసింది, దారపు ఉండ తీసింది, పక్కన పెట్టింది.

“కుట్టి చూపించండి,” అంది. “మాటలు తర్వాత.”

అతను ఫారాల ముందు మోకాళ్ల మీద కూర్చున్నాడు. సూది తీసుకున్నాడు. ఎన్ని వేలసార్లు చూడకుండా ఎక్కించిన దారమో అది. కొన సూది కన్ను పక్కనుంచి జారిపోయింది. మళ్లీ జారిపోయింది. మూడోసారి సూది కాగితాల మీద పడింది. అతను దాన్ని తియ్యలేదు. చేతులు తొడల మీద పెట్టుకుని, గుమ్మం వైపు చూశాడు.

మడతలమ్మ చూస్తూనే ఉంది. చేరిన రోజున అతను చింపిన ఆ ఒక్క కాగితాన్ని ఆమె మర్చిపోలేదు.

గుమ్మంలోనే నిలబడి ఉన్న అతని భార్య చెప్పులు విప్పి లోపలికి వచ్చింది. నేలమీద అతని పక్కన కూర్చుంది. సూది ఏరింది. దారం కొన నోటితో తడిపి, వెలుతురుకు ఎత్తి, ఒక్కసారికే ఎక్కించింది. ఆ సూదిని, మొన తన వైపు ఉంచుకుని, అతనికి అందించింది.

“ఏమండీ,” అంది.

మూడు రోజులుగా ఆ నోట రాని పిలుపు అది.

అతని చెయ్యి తొడమీంచి ఇంకా లేవలేదు. చూపు మాత్రం గుమ్మాన్ని వదిలి సూది మీదికి వచ్చింది.